క్లాడియస్ అంటే ఏ క్లాడియస్?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కళింగ తీరపు పాత రేవుల మీద వచ్చిన వ్యాసం చదివాం. దంతపురం, శాలిహుండం, కళింగపట్నం పేర్లు మన పిల్లల చెవిన పడేలా చేసే ఏ రాత అయినా మాకు సంతోషమే. కానీ అందులో "ఈజిప్టు రాజు టోలెమీ మన తీరాన్ని వర్ణించాడు" అని ఉంది. అదే వారం పోటీ పరీక్షల పేజీలో "క్లాడియస్: బ్రిటన్‌ను జయించి, గోతులను ఓడించిన రోమన్ చక్రవర్తి" అని ఇచ్చారు. (ఈ గోతులు రోము మీద దండెత్తిన ఒక జర్మన్ తెగ.) రెండూ తప్పే. పేర్లో ఒక ముక్క వదిలేయడం వల్లే రెండూ జరిగాయి. మొదటి దాంట్లో క్లాడియస్ టోలెమీ అన్న పేరులోంచి క్లాడియస్ అనే మాట పోయింది. రెండో దాంట్లో అదొక్కటే మిగిలింది. ఈ పేజీలు కత్తిరించి దాచుకుని చదివే పిల్లలు మా తరగతుల్లో ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

విజయనగరంలో ఎవరైనా "విజయరామరాజు పోరులో పోయాడు" అంటే ఏ విజయరామరాజు అని వెంటనే అడుగుతారు. 1757 బొబ్బిలి యుద్ధం ముగిశాక తాండ్ర పాపారాయుడి చేతిలో హతుడైనవాడు పెద విజయరామరాజు. 1794లో పద్మనాభం దగ్గర కుంపిణీ సైన్యాన్ని ఎదిరించి నేలకొరిగినవాడు చిన విజయరామరాజు. ఇద్దరూ పూసపాటివారే. పెద, చిన అన్న మాటలు తీసేస్తే 37 ఏళ్ల చరిత్ర ఒకే మనిషి నెత్తిన పడుతుంది. క్లాడియస్ అన్న ఇంటిపేరు రోములో దాదాపు 900 ఏళ్లు వినిపించింది. అక్కడ జాగ్రత్త ఇంకెంత ఉండాలి?

రోమన్ పౌరుడి పేరుకు మామూలుగా మూడు భాగాలు. మొదటిది ఇంట్లో పిలిచే పేరు, ప్రేనోమెన్. రెండోది వంశం పేరు, నోమెన్. మూడోది ఆ వంశంలో ఏ శాఖో చెప్పేది, కొగ్నోమెన్. మార్కస్ క్లాడియస్ మార్సెల్లస్ అంటే క్లాడియస్ వంశంలో మార్సెల్లస్ శాఖకు చెందిన మార్కస్. చిక్కు మొదటి భాగంతోనే మొదలవుతుంది. వాడుకలో ఉన్న ప్రేనోమెన్లు ఇరవైకి మించవు. అవే తాతకు, తండ్రికి, మనవడికి తిరుగుతూ ఉంటాయి. అందుకే వాటిని శాసనాల్లో ఒకటి రెండు అక్షరాలకు కుదించేవారు. సి అంటే గయస్. లాటిన్ లిపిలో మొదట గ ధ్వనికి విడిగా అక్షరం లేదు, ఆ అలవాటు పొడి అక్షరంలో నిలిచిపోయింది. టి ఒక్కటే ఉంటే టైటస్, టి పక్కన ఐ ఉంటే టైబీరియస్. ఎం ఉంటే మార్కస్, ఎం భుజాన చిన్న గుర్తు ఉంటే మానియస్. అచ్చులో ఆ గుర్తు ఎగిరిపోతే మనిషే మారిపోతాడు. ఏ పక్కన పి ఉంటే అప్పియస్. ఈ అప్పియస్ దాదాపు క్లాడియస్ వంశం సొంత ఆస్తి, బయట చాలా అరుదు. మరోవైపు లూసియస్ అన్న పేరును ఈ వంశం వెలివేసింది. ఆ పేరున్న ఇద్దరిలో ఒకడికి దోపిడీ కింద, ఒకడికి హత్య కింద శిక్ష పడిందని, ఆ తర్వాత ఎవరికీ అది పెట్టలేదని రోమన్ చరిత్రకారుడు సుటోనియస్ రాశాడు.

వంశానికి మూలపురుషుడు రోము వాడు కాదు, సబైన్ జాతివాడు. అట్టస్ క్లాసస్ అన్న ఈ పెద్దమనిషి క్రీ.పూ. 504 ప్రాంతంలో తన ఆశ్రితులందరినీ వెంటబెట్టుకుని రోముకు వలస వచ్చి అప్పియస్ క్లాడియస్ అయ్యాడు. వచ్చిన కుటుంబాలకు రెండేసి యూగెరాల పొలం, ఆయనకు 25 యూగెరాలు ఇచ్చారని గ్రీకు రచయిత ప్లూటార్క్ చెబుతాడు. యూగెరమ్ అంటే సుమారు పావు హెక్టారు. క్రీ.పూ. 495కల్లా ఆయన కాన్సుల్, అంటే ఏటా ఎన్నికయ్యే ఇద్దరు అధినేతల్లో ఒకడు. చక్రవర్తుల కాలానికి ఈ ఇంట్లో 28 కాన్సుల్ పదవులు, 5 డిక్టేటర్ (ఆపత్కాలపు ఏకాధికారి) పదవులు, 7 సెన్సార్ (జనగణన అధికారి) పదవులు లెక్కతేలాయని సుటోనియస్ మాట.

పరీక్షల్లో ఎక్కువగా దెబ్బతినేది ఇద్దరు అప్పియస్ క్లాడియస్‌ల దగ్గర. క్రీ.పూ. 451లో చట్టాలు రాయడానికి నియమించిన పదిమందిలో ఒకడై, వర్జీనియా అన్న అమ్మాయి కథలో దుర్మార్గుడిగా మిగిలినవాడు ఒకడు. రోడ్డు వేసిన అప్పియస్ క్లాడియస్ కేకస్ మరొకడు. వాళ్లిద్దరి మధ్య 139 ఏళ్ల దూరం ఉంది. ఈ వంశంలో ఒక్కరి గురించే పాఠం చెప్పాలంటే మేం కేకస్‌నే ఎంచుకుంటాం. ఇటలీలోని అరెజ్జోలో ఆయన గురించి రాతి పలక దొరికింది. ఆ పలక మీది పేరు వరస చూడండి: అప్పియస్ క్లాడియస్, సి ఎఫ్, కేకస్. సి ఎఫ్ అంటే గయస్ కొడుకు. తర్వాత పదవులు: సెన్సార్, రెండుసార్లు కాన్సుల్, డిక్టేటర్, ఆ కిందివి. ఆపైన చేసిన పనులు: సామ్నైట్ల (పొరుగు తెగ) ఊళ్లు పట్టుకున్నాడు, రోముతో పోరాడిన గ్రీకు రాజు పిర్రస్‌తో సంధి కానివ్వలేదు, సెన్సార్‌గా ఉండగా అప్పియన్ రోడ్డు పరిచాడు, నగరానికి నీళ్లు తెచ్చాడు. ఒక మనిషి బతుకంతా అరచేతి మందం పేరాలో ఇమిడింది. పేరు, తండ్రి, శాఖ, పదవి, పని అనే ఈ వరసలో రాసిన జీవిత పరిచయంలో పొరపాటు దొర్లడం కష్టం.

క్రీ.పూ. 312లో మొదలైన ఆ రోడ్డు తొలుత రోము నుంచి కాపువా దాకా, 132 రోమన్ మైళ్లు. నీటి కాలువ పొడవు 11,190 అడుగుజోళ్లు, అంటే పదహారున్నర కిలోమీటర్లు. అందులో 11,130 భూమి లోపలే, 60 మాత్రమే గోడల మీదా కమానుల మీదా పైకి కనిపించేవి. ఈ కొలతలిచ్చిన ఫ్రంటినస్ రోము నీటి సరఫరా అధికారి కాబట్టి నమ్మవచ్చు. ఊటలు వెతికి పట్టుకున్నవాడు నిజానికి తోటి సెన్సార్ గయస్ ప్లాటియస్. ఆయన 18 నెలల గడువు కాగానే పదవి దిగిపోయాడు. అప్పియస్ దిగకుండా పని పూర్తయ్యేదాకా కూర్చున్నాడు. కాలువకు ఆయన పేరే స్థిరపడింది.

సరిగ్గా తండ్రి పేరు ఎందుకు అచ్చు వేయాలో మార్సెల్లస్ శాఖ చూపిస్తుంది. ఈ శాఖ సామాన్య వర్గానిది, అప్పియస్‌ల కులీన శాఖలతో నేరుగా కలవదు. క్రీ.పూ. 212లో సిరక్యూస్‌ను పట్టుకున్న మార్కస్ క్లాడియస్ మార్సెల్లస్ వీళ్లలో ప్రసిద్ధుడు. ఆర్కిమెడిస్ ఆ దాడిలోనే చనిపోయాడు. జూలియస్ సీజర్ కాలానికి వచ్చేసరికి క్రీ.పూ. 51లో కాన్సుల్ మార్కస్ క్లాడియస్ మార్సెల్లస్, 50లో గయస్ క్లాడియస్ మార్సెల్లస్, 49లో మళ్లీ గయస్ క్లాడియస్ మార్సెల్లస్. 50 నాటి గయస్, 49 నాటి గయస్ వేర్వేరు మనుషులు, దాయాదులు. మూడు భాగాలూ పూర్తిగా రాసినా తేడా తెలియదు. కాన్సుల్‌ల జాబితాలో మొదటివాడి పక్కన సి ఎఫ్, రెండోవాడి పక్కన ఎం ఎఫ్ అని ఉంటుంది. ఒకడు గయస్ కొడుకు, ఒకడు మార్కస్ కొడుకు. 51 నాటి మార్కస్‌కు 49 నాటి గయస్ తమ్ముడు. సీజర్ రూబికాన్ నది దాటి అంతర్యుద్ధం మొదలుపెట్టిన సంవత్సరం (క్రీ.పూ. 49) కాన్సుల్ ఎవరు అన్న ప్రశ్నకు జవాబు ఆ ఒక్క అక్షరం మీద ఆధారపడి ఉంది. ఎఫ్ ఉండాల్సిన చోట ఎల్ ఉంటే అర్థం పూర్తిగా వేరు. అతను కొడుకు కాదు, ఆ యజమాని విడుదల చేసిన బానిస. విడుదలైనవాడు యజమాని ప్రేనోమెన్, నోమెన్ రెండూ తీసుకుని తన పాత పేరును చివర ఉంచుకునేవాడు. క్లాడియస్ చక్రవర్తి కార్యదర్శి టైబీరియస్ క్లాడియస్ నార్సిసస్ అలాంటివాడే.

ఈ వంశంలోనే ఇంకో శాఖ పల్కర్, ఆ శాఖ అనగానే కోళ్ల కథ వస్తుంది. క్రీ.పూ. 249లో సిసిలీలోని డ్రెపానా దగ్గర కార్తేజ్‌తో నౌకాయుద్ధానికి ముందు శకునపు కోళ్లు గింజలు తినకపోతే, తినవా అయితే నీళ్లు తాగండి అని పబ్లియస్ క్లాడియస్ పల్కర్ వాటిని సముద్రంలో వేయించాడట. కథ బాగుంటుంది కాబట్టి ప్రతి పుస్తకంలోనూ కనబడుతుంది. ఓటమికి కారణం అది కాదు. గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ కోళ్ల ఊసే ఎత్తడు. ముందు ఓడలు రేవులోకి దూరాయి, వెనక్కి తిరగమని ఆజ్ఞ రాగానే లోపలికొస్తున్న వాటికి గుద్దుకుని తెడ్లు విరిగాయి, చివరికి తీరానికి ఆనుకుని వరస కట్టడంతో వెనక్కి జరగడానికి నీళ్లు లేకుండా పోయాయి. 93 ఓడలు శత్రువు చేతికి చిక్కాయి. వేటకు పోయే పడవలు ఒడ్డుకు మరీ దగ్గరైతే ఏమవుతుందో తెలిసిన మన తీర గ్రామాల పిల్లలకు ఈ వివరం చెబితే ఇట్టే అర్థమవుతుంది. మూడేళ్ల తర్వాత అతని చెల్లెలో అక్కో అయిన క్లాడియా జనం తోపులాటలో ఇరుక్కుని, మా అన్నదమ్ముడు బతికుండి ఇంకో నౌకాదళాన్ని పోగొడితే ఈ మూక తగ్గేది కదా అని నోరు జారి 25,000 ఆస్‌ల (కంచు నాణేల) జరిమానా కట్టింది. ఆమె పేరు క్లాడియా తప్ప మరేమీ తెలియదు, ఎందుకంటే ఆ ఇంటి ఆడపిల్లలందరికీ వంశం పేరే పేరు. అక్కచెల్లెళ్లను పెద్ద, చిన్న, మూడోది అని గుర్తుపట్టాలి. క్రీ.పూ. 204లో మహామాత దేవత పవిత్ర శిలను స్వాగతించిన క్లాడియా క్వింటా పేరుకు అర్థం ఐదో క్లాడియా, అంతే. స్త్రీల విషయంలో తండ్రి పేరూ భర్త పేరూ చెప్పకుండా క్లాడియా అని రాస్తే ఆ రాతకు విలువ లేదు.

ఈ శాఖవాడే పబ్లియస్ క్లోడియస్ పల్కర్. క్లోడియస్ అన్నది క్లాడియస్‌కే జనం నోట పలికిన రూపం. సామాన్యులకే దక్కే ట్రిబ్యూన్ పదవి కోసం క్రీ.పూ. 59లో తనకంటే చిన్నవాడైన ఫోంటియస్ అన్న సామాన్యుడికి దత్తత పోయాడు. మరుసటి ఏడాది ట్రిబ్యూన్ అయ్యి ప్రసిద్ధ వక్త సిసిరోను దేశం దాటించాడు. క్రీ.పూ. 52 జనవరిలో బోవిల్లే దగ్గర హత్యకు గురయ్యాడు. అది అప్పియన్ రోడ్డు మీదే జరిగింది.

నీరో అన్న మాటతో ఇంకా పెద్ద గందరగోళం. అది మొదట ఒక శాఖ పేరు. క్రీ.పూ. 207లో 6,000 మంది కాల్బలం, 1,000 మంది ఆశ్వికులతో కార్తేజ్ సేనాని హానిబాల్‌కు తెలియకుండా ఉత్తరానికి నడిచి, మెటారస్ నది దగ్గర అతని తమ్ముడు హస్‌డ్రుబాల్‌ను ఓడించడంలో పాలుపంచుకున్న గయస్ క్లాడియస్ నీరో గొప్ప సేనాని. రోము తగలబడుతున్నప్పుడు పాలించిన చక్రవర్తి నీరో పుట్టుకతో ఈ వంశం వాడే కాదు. క్రీ.శ. 37లో పుట్టినప్పుడు అతని పేరు లూసియస్ డొమిషియస్ అహెనోబార్బస్. 50లో క్లాడియస్ చక్రవర్తి దత్తత తీసుకున్నాక నీరో క్లాడియస్ సీజర్ అయ్యాడు. వంశం వెలివేసిన లూసియస్ ఆ పూటతో పోయింది. టైబీరియస్ కథ దీనికి తలకిందులు. అతను పుట్టుకతో టైబీరియస్ క్లాడియస్ నీరో. క్రీ.శ. 4లో అగస్టస్ దత్తత తీసుకోవడంతో క్లాడియస్ పోయి జూలియస్ సీజర్ వచ్చింది.

ఇక్కడే మన నేలకూ దీనికీ సంబంధం. దక్షిణ భారతంలో దొరికే రోమన్ వెండి నాణేల్లో అగస్టస్, టైబీరియస్‌లవే ఎక్కువ. భీమిలి దారిలోని తొట్లకొండ తవ్వకాల్లో కూడా రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. అలాంటి నాణెం బొమ్మ వైపు చుట్టూ అక్షరాలుంటాయి, మాటల మధ్య ఖాళీ ఉండదు, యు రాయాల్సిన చోట వి ఉంటుంది. డివి పక్కన వెంటనే ఎఫ్ ఉంటే దైవమైనవాడి కొడుకు, అంటే జూలియస్ సీజర్ దత్తుడు అగస్టస్. అతని బాగా దొరికే రకానికి బొరుసు వైపు డాళ్లు పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు, కింద సి ఎల్ సీజర్లు అని ఉంటుంది, అంటే గయస్, లూసియస్. డివికీ ఎఫ్‌కీ మధ్య ఏవీజీ ఉంటే దైవమైన అగస్టస్ కొడుకు, అంటే టైబీరియస్. బొరుసు వైపు కూర్చున్న స్త్రీ, పోంటిఫ్ మాక్సిమ్ అన్న అక్షరాలు. మొదట టి ఐ చూసి తొందరపడకూడదు. దాని వెంట సీజర్ ఉంటే టైబీరియస్, క్లాడ్ ఉంటే క్లాడియస్ చక్రవర్తి. అక్షరాలు అర్థంలేని గీతల్లా ఉంటే అది ఇక్కడే పోతపోసిన నకలు కావచ్చు, అదీ చరిత్రే. దయచేసి పాత నాణెం ఫొటో వేసినప్పుడు రెండు వైపులా వేయండి. చింతపండుతోనో బూడిదతోనో తోమవద్దని ఒక ముక్క రాయండి. తోమితే ముందుగా అరిగేది అంచు, పేరుండేది అక్కడే. నేలలో దొరికిన పాత సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

ఇక టోలెమీ. చక్రవర్తి ద్వారా పౌరసత్వం పొందిన కుటుంబం ఆ చక్రవర్తి వంశనామం పెట్టుకునేది. క్లాడియస్ కాలంలో, నీరో కాలంలో రాజ్యమంతటా ఇలా కొత్త క్లాడియస్‌లు పుట్టుకొచ్చారు. బ్రిటన్‌లో రాజు టైబీరియస్ క్లాడియస్ టోగిడుబ్నస్ పేరు చిచెస్టర్ శాసనంలో ఉంది. అపొస్తలుల కార్యములలో పౌలును పట్టుకున్న సహస్రాధిపతి క్లౌదియ లూసియ, తాను డబ్బు పోసి పౌరసత్వం సంపాదించానని చెప్పుకుంటాడు. పేరే దానికి సాక్ష్యం. తెలుగు బైబిల్లో యూదులను రోము నుంచి వెళ్లగొట్టిన చక్రవర్తి, ఈ సైనికాధికారి, తిమోతికి రాసిన రెండో పత్రికలో వందనాలు పంపిన స్త్రీ, ముగ్గురూ క్లౌదియ అనే కనిపిస్తారు. ఆదివారం బోధించేవారు ఇది గమనించాలి. అలెగ్జాండ్రియాలో క్రీ.శ. 2వ శతాబ్దంలో ఉన్న క్లాడియస్ టోలెమీ కూడా అలాంటి పౌరుడే. గణితం, ఖగోళం, భూగోళం ఆయన విద్యలు. ఈజిప్టును ఏలిన టోలెమీలు క్రీ.పూ. 30లో క్లియోపాత్రాతోనే ముగిసిపోయారు. ఇది మీ ఒక్కరి తప్పు కాదు, రఫేల్ గీసిన ఏథెన్స్ పాఠశాల చిత్రంలో కూడా ఆయన తలమీద కిరీటం ఉంది. ఆయన చెప్పిన పలూర గంజాం తీరాన ఉండేదని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. ఓడలు బంగారు భూమి (ఆగ్నేయాసియా) వైపు తీరం వదిలి సాగే చోటు దానికి దగ్గరే అని ఆయన రాశాడు. మన దంతపురంతో కొందరు పోల్చే దండగుడ అన్న ఊరి ప్రస్తావన మాత్రం టోలెమీది కాదు, రోమన్ రచయిత ప్లినీది. అది గంగ ముఖం నుంచి 625 మైళ్లని ఆయన లెక్క. ప్లినీలు కూడా ఇద్దరు. ఇది రాసినవాడు గయస్ ప్లినియస్ సెకుండస్, క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు పోయిన మేనమామ. లేఖలు రాసినవాడు మేనల్లుడు.

గోతులను ఓడించినవాడి సంగతి. అతను మార్కస్ ఆరీలియస్ క్లాడియస్, క్రీ.శ. 268 నుంచి 270 దాకా పాలించాడు, సిర్మియంలో తెగులుతో పోయాడు, గోతికస్ బిరుదు. ఇక్కడ వంశనామం స్థానంలో ఆరీలియస్ ఉంది, క్లాడియస్ చివరికి జరిగింది. 212లో కారకల్లా రాజ్యంలోని స్వేచ్ఛాజనులందరికీ పౌరసత్వం ఇచ్చాక ఆరీలియస్ ఊరూరా నిండిపోయింది. బ్రిటన్ మీదికి క్రీ.శ. 43లో సైన్యం పంపినవాడు టైబీరియస్ క్లాడియస్ సీజర్ అగస్టస్ జర్మానికస్, 41 నుంచి 54 దాకా చక్రవర్తి. ఇద్దరి మధ్య రెండు శతాబ్దాలకు పైనే ఉంది. 275–276లో పాలించిన మార్కస్ క్లాడియస్ టాసిటస్‌ను, చరిత్రకారుడు కార్నీలియస్ టాసిటస్‌ను కూడా ఇలాగే కలిపేస్తుంటారు. వాళ్లిద్దరికీ తేడా నోమెనే.

మా కోరిక చిన్నది. రోమన్ మనిషి మొదటిసారి వచ్చిన చోట మూడు భాగాలూ, ఏలిన లేదా పదవిలో ఉన్న సంవత్సరాలూ వేయండి. ఒకే పేరున్నవాళ్లయితే తండ్రి పేరు కలపండి. క్లాడియస్, క్లౌడియుస్, క్లౌదియ అని ఒకే పేజీలో మూడు రకాలుగా రాకుండా ఒక రూపానికి కట్టుబడండి. వచ్చే ఆదివారం సవరణ ఇలా వేస్తే చాలు: "కళింగ తీరాన్ని వర్ణించినవాడు అలెగ్జాండ్రియా పండితుడు క్లాడియస్ టోలెమీ (క్రీ.శ. 2వ శతాబ్దం), ఈజిప్టు రాజు కాదు. బ్రిటన్‌ను జయించిన చక్రవర్తి టైబీరియస్ క్లాడియస్ (క్రీ.శ. 41–54), గోతులను ఓడించిన చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ క్లాడియస్ గోతికస్ (క్రీ.శ. 268–270)." పరీక్షల పేజీ సవరణ ఆ పేజీలోనే వేయండి, పిల్లలు కత్తిరించుకునేది దాన్నే.

ఇట్లు,
చరిత్ర అధ్యాపకులు కొందరు,
విజయనగరం, శ్రీకాకుళం